ఆరవ మెట్టు: రామామాత్యుని శుద్ధమేళ వీణలో శ్రుతి సర్దుబాటు, స్థాయి ప్రశ్న

భారతీయ సంగీతశాస్త్ర చరిత్రను రాసేటప్పుడు ఒక ఊహను ఎవరూ పెద్దగా ప్రశ్నించరు. షడ్జం నుంచి తారషడ్జం వరకు ఉన్న దూరం ఒక స్థాయి. ఆ స్థాయిని ముందు కొలిచి, తరువాత దానిని ఇరవైరెండు శ్రుతులుగానో పన్నెండు స్వరస్థానాలుగానో విభజించారు అన్నది ఆ ఊహ. గాత్రానికి ఇది సరిపోవచ్చు. వాద్యం మీద మెట్లు అమర్చిన మనిషి ఈ క్రమంలోనే పనిచేశాడా అన్నది వేరే ప్రశ్న. క్రీ.శ. 1550లో పూర్తయిన ‘స్వరమేళకళానిధి’లోని వీణా ప్రకరణం ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం సాధారణ అంచనాకు భిన్నంగా ఉంది. అందులోని ప్రధాన అమరికలో స్థాయిని విభజించే ప్రయత్నమే లేదు. నాలుగు తీగలు, వాటన్నింటికీ ఉమ్మడిగా ఆరు మెట్లు. ఆ ఆరు మెట్లు కలిసి స్థాయిలో సగం దూరం మాత్రమే పోతాయి.

స్థాయిని ఆధారంగా తీసుకోని శ్రుతి విధానాలు ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య ప్రయోగాలుగానే ప్రసిద్ధి పొందాయి. 1954లో స్టాక్‌హౌజెన్ తన రెండవ ఎలక్ట్రానిక్ రచనలో 5:1 నిష్పత్తిని ఇరవైఐదు సమభాగాలు చేశాడు. జర్మన్ ఇంజనీరు హైంజ్ బోలెన్ 1970ల ఆరంభంలోను, అమెరికన్ శాస్త్రవేత్త జాన్ పియర్స్ 1984లో స్వతంత్రంగాను 3:1 నిష్పత్తిని పదమూడు భాగాలు చేసిన స్వరశ్రేణిని ప్రతిపాదించారు. వీటికంటే తక్కువ ప్రసిద్ధి పొందినదీ, ఈ వ్యాసానికి నేరుగా పనికివచ్చేదీ ఫ్రెంచి వాడైన సెర్జ్ కోర్డియే పద్ధతి. 1982లో వెలువడిన గ్రంథంలో ఆయన పియానోకు స్థాయిని కాక శుద్ధ పంచమాన్ని, అంటే 3:2 నిష్పత్తిని, ఏడు సమభాగాలు చేయాలని వాదించాడు. అలా చేస్తే పంచమాలు స్వచ్ఛంగా ఉంటాయి. స్థాయి మాత్రం రవ్వంత సాగుతుంది. రామామాత్యుడు ఈ పద్ధతిని కనుగొన్నాడని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అటువంటి ‘మనవాళ్లు ముందే చెప్పారు’ ధోరణి సంగీతశాస్త్ర రచనలో ఇప్పటికే కావలసినంత ఉంది. ఆయన వీణ ఎదుర్కొన్న చిక్కు ఏ రకమైనదో అర్థం చేసుకోవడానికి స్థాయి విభజన కంటే పంచమ విభజనే తగిన కొలబద్ద అని చూపడం ఇక్కడి ప్రయత్నం.

గ్రంథం, కాలం

రామామాత్యుడు తిమ్మామాత్యుని కుమారుడు. ‘సంగీతరత్నాకరం’ వ్యాఖ్యాత కల్లినాథునికి దౌహిత్రుడు. సదాశివరాయల పేరుమీద విజయనగర రాజ్యాన్ని నడిపిన అళియ రామరాయల ప్రేరణతో సంస్కృతంలో ‘స్వరమేళకళానిధి’ రచించాడు. ఉపోద్ఘాతం, స్వరం, వీణ, మేళం, రాగం అని అయిదు ప్రకరణాలు. 1932లో ఎం.ఎస్. రామస్వామి అయ్యర్ పరిష్కరణతో అణ్ణామలై విశ్వవిద్యాలయం ప్రచురించిన ప్రతి ద్వారానే ఆధునిక పరిశోధకులకు ఈ గ్రంథం విస్తృతంగా పరిచయమైంది.

1550 దక్కను రాజకీయాల్లో కూడా మలుపు. విజయనగరంలో ఏడేళ్లు ఆశ్రయం పొందిన ఇబ్రహీం కుతుబ్‌షా ఆ సంవత్సరమే గోలకొండకు తిరిగివచ్చి సింహాసనం ఎక్కాడు. పాలమూరు ప్రాంతపు కోయిలకొండ దుర్గంలోని నాయకవాడీలు ఆయనకు విధేయత ప్రకటించిన తెలుగు శాసనం ఆ కాలానిదే. రామరాయలు సైతం తొలినాళ్లలో గోలకొండ కొలువులో ఉన్నవాడు. దక్షిణ తెలంగాణ మెరక సీమ ఆనాడు ఈ రెండు ఆస్థానాల నడుమ రాకపోకల దారి. ఇబ్రహీం ఆస్థానం తెలుగు కవులకు ఇచ్చిన ఆదరణ సాహిత్య చరిత్రకారులకు తెలిసిందే. సంగీతశాస్త్రాన్ని మాత్రం హంపీ, తంజావూరుల మధ్య గీసిన ఒక్క గీతమీదనే చదవడం అలవాటైంది.

నాలుగు తీగలు, ఆరు మెట్లు

శార్‌ఙ్గదేవుడు ఏడు శుద్ధ స్వరాలతో పాటు పన్నెండు వికృత స్వరాలను చెప్పాడు. రామామాత్యుడు వికృతాలను ఏడుకు తగ్గించాడు: సాధారణ గాంధారం, అంతర గాంధారం, చ్యుతమధ్యమ గాంధారం, చ్యుతపంచమ మధ్యమం, కైశిక నిషాదం, కాకలి నిషాదం, చ్యుతషడ్జ నిషాదం. ధ్వనిలో భేదం లేనివాటికి వేరే పేర్లు ఎందుకన్నది ఆయన తర్కం. శాస్త్రంలో పేరును బట్టి కాక, తీగమీద వినిపించేదాన్ని బట్టి లెక్కించే ఈ దృష్టి వీణా ప్రకరణంలో మరింత స్పష్టమవుతుంది.

ఆయన శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతదేవరాయల పేరిట అచ్యుతరాజేంద్రమేళ వీణ అని మూడు వీణలను వర్ణించాడు. శుద్ధమేళ వీణలో వాయించే నాలుగు తీగలు వరుసగా అనుమంద్ర షడ్జం, అనుమంద్ర పంచమం, మంద్ర షడ్జం, మంద్ర మధ్యమం. మొదటి రెండు తీగల నడుమ పంచమం దూరం. రెండు మూడు తీగల నడుమ, మూడు నాలుగు తీగల నడుమ మధ్యమం దూరం. ఆరు మెట్ల మీద ఒక్కొక్క తీగకు పలికే స్వరాలను ఆయన విడివిడిగా చెప్పాడు. షడ్జ తీగలు రెండింటి మీద మెట్లు క్రమంగా శుద్ధ రిషభం, శుద్ధ గాంధారం, సాధారణ గాంధారం, చ్యుతమధ్యమ గాంధారం, శుద్ధ మధ్యమం, చ్యుతపంచమ మధ్యమం పలుకుతాయి. పంచమ తీగమీద అవే మెట్లు శుద్ధ ధైవతం, శుద్ధ నిషాదం, కైశిక నిషాదం, చ్యుతషడ్జ నిషాదం, షడ్జం, శుద్ధ రిషభం. మధ్యమ తీగమీద చ్యుతపంచమ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, శుద్ధ నిషాదం, కైశిక నిషాదం, చ్యుతషడ్జ నిషాదం. ఇక్కడి శుద్ధ గాంధారం నేటి చతుశ్శ్రుతి రిషభ స్థానమని, శుద్ధ నిషాదం నేటి చతుశ్శ్రుతి ధైవతమని గుర్తుంచుకోవాలి; ఆయన శుద్ధమేళం ముఖారి.

ఆరు అన్న సంఖ్య యాదృచ్ఛికం కాదు. షడ్జ తీగ నుంచి పంచమ తీగ వరకు ఏడు అడుగులు. ఆరు మెట్లు ఆరు అడుగులు వేస్తే ఏడవది పక్క తీగ మీటితే పలుకుతుంది. మధ్యమం దూరంలో ఉన్న తీగలకు అయిదు అడుగులే చాలు. అందువల్ల అయిదవ మెట్టు పక్క తీగను తిరిగి పలికిస్తుంది, ఆరవది దానిని దాటుతుంది. ఒకే స్వరం రెండు చోట్ల దొరకడమే ఈ వీణకు ఆధారం. మధ్యమ తీగ రెండవ మెట్టు మీద పంచమం రావాలి. ఆ పంచమం రెండవ తీగ పంచమంతో కలవాలి. అలా రెండవ మెట్టు స్థిరపడితే, అదే మెట్టుమీద రెండవ తీగ ఇచ్చే శుద్ధ నిషాదం నాలుగవ తీగ నాలుగవ మెట్టును నిర్ణయిస్తుంది. షడ్జ తీగ మధ్యమం అయిదవ మెట్టును, అయిదవ మెట్టు మీది కైశిక నిషాదం మూడవ మెట్టును, మూడవ మెట్టు మీది శుద్ధ ధైవతం మొదటి మెట్టును తేలుస్తాయి. ఈ స్వరాలు తన బుద్ధితో కల్పించినవి కావని, స్వయంభువులని రామామాత్యుడు అంటాడు. ఎనిమిది లేదా పన్నెండు శ్రుతుల ఎడం ఉన్న స్వరాలు సంవాదులన్న రత్నాకర నియమాన్నే ప్రమాణంగా చూపుతాడు.

మరోలా చెప్పాలంటే, కొలబద్ద లేదు, అంకెలు లేవు. చెవి, రెండు తీగలు, సంవాదం చాలు. స్థాయి ఈ క్రమంలో ఎక్కడా విభాజ్య రాశిగా ప్రవేశించదు. అనుమంద్రం, మంద్రం కలిసే చోట ఫలితంగా మాత్రమే వస్తుంది. ఆరు మెట్లకు పైన, నాలుగవ తీగమీద మధ్య, తార స్వరాల కోసం అమర్చే మెట్ల దగ్గరే స్థాయి రెట్టింపు సూత్రం పనిచేస్తుంది.

ముడి ఎక్కడ పడింది?

ఈ వరుసను నిష్పత్తులలోకి మార్చి చూస్తే మొదటి అయిదు మెట్లు ఎక్కడా పేచీ పెట్టవు. మీటిన తీగ ధ్వనితో పోలిస్తే అవి వరుసగా 256/243, 9/8, 32/27, 81/64, 4/3. అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ప్రచారంలోకి తెచ్చిన సెంటు లెక్కలో, అంటే స్థాయిని 1200 భాగాలుగా చూసే కొలతలో, ఇవి సుమారు 90, 204, 294, 408, 498. ఇది పంచమాల గొలుసు నుంచి వచ్చే పైథాగొరస్ శ్రేణి.

ఆరవ మెట్టు దగ్గర వ్యవహారం మారుతుంది. ఆ మెట్టు మూడు తీగల మీద ఒక స్థానం అడుగుతుంది. రెండవ తీగమీద అది పలికే రిషభం మూడవ తీగ మొదటి మెట్టు రిషభంతో కలవాలి. ఒకటవ, మూడవ తీగల మీద అది పలికే చ్యుతపంచమ మధ్యమం నాలుగవ తీగ మొదటి మెట్టుతో పొసగాలి. ఈ మూడింటికీ 1024/729, అంటే 588 సెంట్లు సరిపోతుంది. నాలుగవ తీగమీద మాత్రం అదే మెట్టు చ్యుతషడ్జ నిషాదం పలకాలి. ఆ నిషాదం రెండవ తీగ నాలుగవ మెట్టు మీద ఇదివరకే స్థిరపడింది. దానితో కలవాలంటే ఆరవ మెట్టు 729/512 వద్ద, 612 సెంట్ల దగ్గర ఉండాలి. రెండింటి నడుమ తేడా 23.5 సెంట్లు, పైథాగొరస్ కామా అని పేరున్న అంతరం.

కాగితం మీద ఇది చిన్న భిన్నం. తొంభై సెంటీమీటర్ల తీగ మీద మెట్టును 8.6 మిల్లీమీటర్లు జరపడం. మైనంలో మెట్టును కుదిర్చే పనివాడికి అది కంటికి కనబడే దూరం, చెవికి దాచలేని దూరం. పైగా తగాదా పడుతున్నది ప్రధానంగా వాయించే నాలుగవ తీగతో, షడ్జానికి ఆనుకుని ఉన్న నిషాదంతో. మూడు తీగల మాట విని మెట్టును 588 వద్ద పెడితే, వైణికుడు ఎక్కువగా వాడే నిషాదం కామా మేర దిగిపోతుంది. నాలుగవ తీగ మాట వింటే రిషభాలు, మధ్యమాలు మూడుచోట్ల చెడతాయి.

ఈ రెండు స్థానాల గుణమధ్యమం సరిగ్గా రెండు యొక్క వర్గమూలం, అంటే 600 సెంట్లు. తీగలో 63.6 సెంటీమీటర్ల బిందువు. తగాదాను చెరిసగం పంచిన వైణికుడు తెలియకుండానే స్థాయిని రెండు సమభాగాలు చేసినట్లు. ఎవరూ విభజించని స్థాయి ఇలా అతుకు దగ్గర బయటపడింది.

రామామాత్యుని శ్రుతి గురించి ఆధునిక పరిశోధకులలో ప్రధానంగా రెండు ధోరణులున్నాయి. ఒకటి అది పైథాగొరస్ శ్రేణి అనేది, మరొకటి సమవిభజన వైపు వేసిన తొలి అడుగు అనేది. ఆరవ మెట్టును లెక్కలోకి తీసుకుంటే రెండూ అసంపూర్ణంగానే కనిపిస్తాయి. ఆయన చెప్పిన సంవాదాలన్నీ స్వచ్ఛంగా ఉంటే ఆయన చెప్పిన ఆరు మెట్లు సాధ్యం కావు. ఆరు మెట్లు ఉండాలంటే ఏదో ఒక సంవాదం కొంత వదులుకోవాలి. గ్రంథం ఈ రెండింటినీ ఒకేసారి కోరుతున్నది. కాబట్టి సర్దుబాటు గ్రంథంలో సూత్రంగా లేకపోయినా వాద్యంలో అనివార్యంగా ఉంది.

పంచమంలో ఏడవ వంతు

సర్దుబాటు ఎంతలో జరగగలదు? తీగలను స్వచ్ఛంగా శ్రుతి చేసి, మెట్ల ఎడాలను సమానం చేద్దామనుకుంటే రెండు కోరికలు ఎదురవుతాయి. మధ్యమ తీగ నుంచి పంచమానికి రెండు అడుగుల్లో చేరాలి. ఆ దూరం 203.9 సెంట్లు కనుక అడుగు 102 దాకా ఉండాలి. పంచమ తీగ నుంచి పై షడ్జానికి అయిదు అడుగుల్లో చేరాలి. ఆ దూరం 498 కనుక అడుగు 99.6 మించకూడదు. మొదటి తగాదా అడుగును పెంచమంటుంది, రెండవది తగ్గించమంటుంది. రెండు తప్పులూ సమానమయ్యే ఒకే ఒక్క బిందువు ఉంది: ఏడు అడుగులు కలిసి సరిగ్గా శుద్ధ పంచమం కావాలి. అప్పుడు అడుగు 100.28 సెంట్లు, పన్నెండు అడుగులు వేస్తే 1203.35. ఇది కోర్డియే పియానోకు చెప్పిన విభజనే.

ఈ అడుగుతో ఆరు మెట్లు అమర్చి రామామాత్యుడు చెప్పిన సంవాదాలను ఒక్కొక్కటిగా తూస్తే, రెండు తీగల మధ్య సరిచూసుకునే ప్రతిచోటా తప్పు ఒకే పరిమాణంలో వస్తుంది: 3.35 సెంట్లు. పంచమంతో పంచమం, నిషాదంతో నిషాదం, ధైవతంతో ధైవతం, ఆరవ మెట్టు మీద తగాదా పడిన చ్యుతషడ్జ నిషాదం, అన్నిచోట్లా అంతే. కామాలో ఏడవ వంతు అది. తొంభై సెంటీమీటర్ల తీగమీద సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. వేలి ఒత్తిడిలో కలిసిపోయే దూరం. స్థాయిని పన్నెండు సమభాగాలు చేసే నేటి పద్ధతిని అదే వీణకు పెడితే కొన్నిచోట్ల తప్పు 1.96, కొన్నిచోట్ల 3.91, అంటే భారం సమంగా పడదు.

ఈ లెక్క రామామాత్యుడు వేశాడని కాదు. ఆయన వీణకు సహజమైన ఏకకం ఏదో అది చూపుతుంది. అతని మెట్ల వరుస పంచమం నుంచి పంచమానికి, మధ్యమం నుంచి మధ్యమానికి తనను తాను పునరావృతం చేసుకుంటుంది. స్థాయిని కొలమానంగా తీసుకున్న పరిశోధన ఈ నిర్మాణాన్ని గజిబిజిగా చూసింది. కొలమానం మార్చితే అది తనంతట తాను పొందికగా కనబడుతుంది.

సమకాలీన ప్రపంచంలో ఈ చిక్కుకు రెండు ప్రసిద్ధ జవాబులున్నాయి. 1581లో ఇటలీలో విన్సెంజో గలిలీ, ప్రతి మెట్టుకూ మిగిలిన తీగలో పద్దెనిమిదవ వంతు వదలాలని ల్యూట్ వాద్యానికి నియమం చెప్పాడు. ఆ అడుగు 98.95 సెంట్లు, పన్నెండు అడుగులు 1187కే ఆగుతాయి, స్థాయి పూర్తికాదు. మెట్టుమీద నొక్కినప్పుడు తీగ బిగుసుకుని ఆ లోటును కొంత పూడుస్తుంది. 1584లో చైనా రాకుమారుడు ఝూ జైయూ రెండు యొక్క పన్నెండవ మూలాన్ని అంకెలతో సాధించాడు. ఒకటి వడ్రంగి కొలత, మరొకటి గణితజ్ఞుని లెక్క. వారికంటే మూడు దశాబ్దాలు ముందున్న రామామాత్యుడిది ఈ రెండూ కాదు. తీగలు ఒకదానినొకటి సాక్ష్యం అడిగే పద్ధతి.

ప్రతినిధి

సర్దుబాటును రామామాత్యుడు పేరు పెట్టి ఒప్పుకున్న చోటు వేరే ఉంది. అంతర గాంధారానికీ కాకలి నిషాదానికీ ఆయన మెట్లు వేయలేదు. వాటికి వేరే మెట్లు పెడితే వాద్యం మీద ఇరుకు. కనుక శ్రుతి మాత్రమే తేడా ఉన్న చ్యుతమధ్యమ గాంధారాన్ని అంతర గాంధారానికి, చ్యుతషడ్జ నిషాదాన్ని కాకలికి ప్రతినిధులుగా తీసుకోవచ్చునన్నాడు. ఫలితం మేళ ప్రకరణంలో కనబడుతుంది. ఇరవై మేళాలు చెప్పి, ప్రతినిధులను అంగీకరిస్తే అవి పదిహేనే అవుతాయని తానే అన్నాడు. మెట్లలో చేసిన పొదుపు మేళాల లెక్కను మార్చింది. రాగ వర్గీకరణ చరిత్రను మెట్ల చరిత్ర నుంచి వేరుచేసి రాయడం ఎంత లోపమో ఈ ఒక్క వాక్యం చాలు.

పదిహేడవ శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల ఆస్థానంలో ‘చతుర్దండీప్రకాశిక’ రాసిన వేంకటమఖి ఈ విషయంలోనే రామామాత్యునిపై కఠినంగా విరుచుకుపడ్డాడు. డెబ్బైరెండు మేళాల నిర్మాణానికి పన్నెండు స్వరస్థానాలు స్థాయిలో నిశ్చలంగా నిలవాలి. ప్రతినిధులతో నెట్టుకొచ్చే వ్యవస్థ ఆయనకు అశాస్త్రీయంగా తోచడం సహజం. అప్పటికే వీణ మారింది. రఘునాథనాయకుని పేరిట ప్రతీతిలో ఉన్న ఇరవైనాలుగు మెట్ల వీణలో ప్రతి తీగకూ రెండు స్థాయిలు నిండా ఉన్నాయి. నాలుగు తీగలు ఒకదానినొకటి సరిచూసుకోవలసిన అవసరం అక్కడ తగ్గింది. ఒక తీగే తనకు తాను సాక్షి. వేంకటమఖి విమర్శను సిద్ధాంత భేదంగా మాత్రమే చదివిన రచనలు ఈ వాద్య భేదాన్ని వదిలేశాయి. ఆరు మెట్ల వీణ మీద ఆలోచించినవాడిని ఇరవైనాలుగు మెట్ల వీణ మీద కూర్చుని తప్పుపట్టడం ఒక విధంగా అన్యాయమే.

మెట్ల లెక్క, స్థాయి లెక్క

ఈ చర్చకు దక్షిణ తెలంగాణలో సజీవమైన పొడిగింపు ఉంది. సూర్యాపేట–జనగామ దారిలోని తిరుమలగిరికి ఉత్తరాన ఉన్న పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన ఊరు. ఆయన ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది, ‘పండితారాధ్యచరిత్ర’లో అనేక వీణాభేదాల పేర్లున్నాయి. ఆ కిన్నెర నేటికీ పాలమూరు సీమలో పలుకుతోంది. వెదురు దండి, సొరబుర్రలు, తేనెమైనంతో తయారయ్యే పన్నెండు మెట్ల కిన్నెరతో పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథలు పాడిన దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందినవారు. 2022లో పద్మశ్రీ పొందారు.

పన్నెండు మెట్లు అనగానే పన్నెండు స్వరస్థానాలని, అందువల్ల కిన్నెరలో ఒక స్థాయి పూర్తిగా ఉందని తేల్చేయడం సులభం. రామామాత్యుని వీణ ఇక్కడే జాగ్రత్త చెబుతుంది: మెట్ల సంఖ్య స్థాయి విభజన సంఖ్య కానక్కరలేదు. ఆరు మెట్లు స్థాయిలో సగమే పోయినా నాలుగు తీగలతో రెండు స్థాయిల దగ్గరకు చేరాయి. పన్నెండు మెట్లు ఒకే తీగమీద స్థాయిని మించవచ్చు, లేదా అందులో పాట అడిగిన స్వరాలు మాత్రమే ఉండవచ్చు. ‘పన్నెండు’ కిన్నెర పేరులో భాగం. దాని శ్రుతికి అది రుజువు కాదు.

అందుకు కావలసిన పని కష్టమైనది కాదు. ప్రతి మెట్టు వద్ద మిగిలిన తీగ పొడవు, మీటిన తీగ ధ్వని, నొక్కినప్పుడు పలికే ధ్వని ఈ మూడింటినీ వేర్వేరు కిన్నెరల మీద నమోదు చేయాలి. ఏ రెండు ధ్వనులను కలిపి విని కళాకారుడు మెట్టును మైనంలో నిలుపుతాడో అడగాలి. కొలత మీద స్థాయిని ముందుగా రుద్దకుండా, మధ్యమం, పంచమం ఎక్కడ కలుస్తున్నాయో మొదట చూడాలి. మైనం వేసవిలో మెత్తబడుతుంది, మెట్లు జరుగుతాయి. ఒకే కిన్నెరను వేర్వేరు కాలాల్లో కొలవడం కూడా అవసరం.